పసరు అనే మాట వదిలేశాను

మొన్న మా జిల్లాలో కొత్తగా చేరిన హెల్త్ అసిస్టెంట్లకు శిక్షణ పెట్టి, పాతవాళ్ళ అనుభవం పనికొస్తుందని నన్నూ పిలిచారు. స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలి మూడేళ్ళయింది. నన్ను పరిచయం చేస్తూ ఒక అధికారి, "అడవి అంచున, డాక్టరు కూడా లేని రోజు, హోటల్లో తిని పడిపోయిన పదకొండు మందిని ఒక్క ప్రాణం పోకుండా కాపాడిన మనిషి" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టి కూర్చున్నాను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే దాన్ని సరిదిద్దడం ఇంత కష్టంగా ఉంది.

ఆ పదకొండు మందీ బతికారు. ఆ హోటలు నడిపిన మనిషి సంగతి ఎవరూ చెప్పరు. ఆమె రోగి కాదు కాబట్టి మా రిజిస్టర్లో ఆమె పేరు లేదు. ఆమెకు జరిగింది నా వల్ల జరిగింది. ఆ పిల్లలకు అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. భద్రాచలం ఇంకా గంట ప్రయాణం ఉందనగా, పెద్ద రోడ్డు నుంచి అడవిలోకి దారి చీలే ఒక కూడలిలో హెల్త్ అసిస్టెంటుగా నా ఉద్యోగం. అక్కడ మా ఆస్పత్రి, బస్సు ఆగే చోటు, ఫారెస్టు వాళ్ళ చెక్‌పోస్టు, పోలీసు అవుట్‌పోస్టు, అక్క హోటలు ఉండేవి. అంతే ఊరు. తాటాకు పందిరి, రెండు బల్లలు, మట్టి పొయ్యి, అదీ హోటలు. అక్క అంటే ఎవరికీ అక్క కాదు, అందరం అలాగే పిలిచేవాళ్ళం. నలభై ఏళ్ళుంటాయి. లోపలి అడవి పల్లె మనిషి. భర్త పోయాక రోడ్డు మీదకు వచ్చి పొయ్యి పెట్టుకుంది. మాతో తెలుగు, సంతకు వచ్చే తన వాళ్ళతో తన భాష మాట్లాడేది.

ఆ చుట్టుపక్కల ఎవరికి కళ్ళు పచ్చబడ్డా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. తల్లి నేర్పిన ఆకు పసరు మూడు పొద్దులు పోసి, పథ్యం చెప్పి పంపేది. నేను గవర్నమెంటు మనిషిని కాబట్టి ముఖం చిట్లించేవాణ్ణి.

"కామెర్లు వచ్చినవాళ్ళను ఆస్పత్రికి పంపు అక్కా."

"పంపుత సారూ. మీ డాక్టరు ఏ రోజు ఉంటడో జెప్పు, ఆ రోజు పంపుత."

మధ్యాహ్నం భోజనం మాత్రం రోజూ అక్కడే చేసేవాణ్ణి.

మే నెల. బీడీలు చుట్టే తునికాకు కోత నడుస్తోంది. డాక్టరుగారు సమీక్ష సమావేశమని పొద్దున్నే భద్రాచలం వెళ్ళాడు. ఆస్పత్రిలో నేను, సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన సిస్టరు, రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్న అటెండరు. డాక్టరు లేడని ఆ పూట నేనింకా భోజనానికి కదల్లేదు. మధ్యాహ్నం రెండున్నరకు ఒక కిరాయి జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆగింది. భద్రాచలంలో దర్శనం చేసుకొని ఇల్లెందు వైపు తిరిగి పోతున్న బొగ్గుగని కుటుంబం. దిగినవాళ్ళు దిగినట్టే గోడ పట్టుకొని వాంతులు చేసుకుంటున్నారు. దిగలేనివాళ్ళు జీపులోనే చేసుకున్నారు.

"ఏం తిన్నారు? ఎక్కడ తిన్నారు?" అని అరిచాను.

"గీ కూడలి హోటల్లనే సార్! పన్నెండింటికి తిన్నం, పది కిలోమీటర్లు పోంగనే షురూ అయింది. మా అమ్మను జూడున్రి ముందుగాల, కండ్లు తేలేస్తుంది" అన్నాడు ఇంటి పెద్దకొడుకు. గనిలో పనిచేసేవాడు, బలమైన మనిషి. అతనికీ వాంతులవుతున్నాయి, అయినా తల్లిని చేతుల మీద మోసుకొచ్చాడు.

నేను అడగాల్సింది ఇంకా ఉంది. ఎవరు ఏం తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరికి ముందు మొదలైంది, ఎవరికి ఏమీ కాలేదు. అవేవీ అడగలేదు. జీపు డ్రైవరు తనంతట తానే నా వెనకాల తిరుగుతూ, "సార్, నేను గుడ ఆడనే తిన్న. నాకేం గాలే సార్" అన్నాడు, రెండుసార్లు. "నీకేం కాకపోతే పక్కకు జరుగు" అన్నాను.

ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. మా ఉద్యోగంలో వాంతులు, విరేచనాలు అని చెవిన పడగానే చెయ్యి బ్లీచింగ్ డబ్బా మీదికి పోతుంది. శిక్షణలో అదే నేర్పారు, గోదావరి వరదల్లో అదే చేశాం. అటెండరును పిలిచి, "హోటలుకు పో. వండినవి, మిగిలినవి అన్నీ గుంటలో పారబోయించు. గిన్నెల్లో కూడా బ్లీచింగ్ కొట్టు" అని పంపాను. పది నిమిషాలకు తిరిగొచ్చాడు.

"అక్క ఒక గిన్నెల కొంచెం అన్నం, కొంచెం కూర మూతబెట్టి పక్కకు ఉంచుతనంటుంది సార్. రేపెవలన్నా అడిగితే సూపెట్టాలె గదా అంటుంది."

"నాకు చెప్పేంత చదువుకుందా ఆమె? అంతా పారబొయ్యమను."

అతను బ్లీచింగ్ డబ్బా ఎత్తుకొని వెళ్ళిపోయాడు.

పిల్లలూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. హోటల్లో తిని జనం పడిపోతే మొదట మనుషులకు ఓఆర్‌ఎస్ నీళ్ళు గుక్కగుక్కగా పట్టించండి. కక్కితే కాసేపాగి మళ్ళీ పట్టించండి. మగతగా ఉన్నవాళ్ళను, మూత్రం రానివాళ్ళను, రక్తం పడుతున్నవాళ్ళను పెద్దాసుపత్రికి పంపండి. తిన్నదాంట్లో మిగిలింది ఉంటే శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి, చల్లని చోట దాచండి. ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు కబురు చేయండి. దాచిన గిన్నె రోగికి ఎంత అవసరమో, వండినవాళ్ళకూ అంతే అవసరం. చదువుకోని ఆ మనిషికి ఇది తెలుసు. సర్టిఫికెట్ ఉన్న నాకు తెలియలేదు.

లోపల సిస్టరు కేకేస్తోంది. "ఏవండీ, సెలైన్లు ఆరే ఉన్నాయి! స్టాండ్లు రెండే! ఎక్కడ తగిలించమంటారు వీటిని?" కిటికీ ఊచలకు తాడు కట్టి తగిలించాం. ఉన్న ఆరు సీసాల్లో ఎవరికి పెట్టాలో తేల్చాల్సిన పని మా ఇద్దరి మీద పడింది. ఫోను చచ్చిపోయి ఉంది. భద్రాచలం పోయే బస్సు ఆపి డ్రైవరు చేతిలో చీటీ పెట్టాను, డాక్టరుకు అందించమని. ఆ చీటీ అందుతుందో లేదో తెలియదు. ముసలమ్మ నాడి వేలికి దొరికీ దొరకకుండా జారుతోంది, జీపులో పంపితే దారిలోనే పోతుందనిపించింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

అప్పుడే ఆ ముసలమ్మ, కళ్ళు మూసుకొనే, "నాకు మందు వెట్టిన్రు బిడ్డా" అంది.

మా వైపు మందు అంటే మాత్ర. మందు అంటే సారా. చేలో కొట్టేదీ మందే. అవి కాక ఇంకో మందు ఉంది. గిట్టనివాళ్ళు తిండిలో కలిపి పెడతారని, అది కడుపులో ఉండిపోయి మనిషిని ఎండగట్టి చంపుతుందని జనం నమ్మే మందు. అది పెట్టిందని పేరు పడ్డ ఆడదాని చేతి మంచినీళ్ళు కూడా ఎవరూ ముట్టరు. కొన్నిచోట్ల అంతటితో ఆగదు కూడా.

మూడున్నర అయ్యేసరికి బయట ముప్పై మంది పోగయ్యారు. బస్సు కోసం ఆగినవాళ్ళు, తునికాకు లారీ కూలీలు, ఆ కుటుంబానికి తెలిసినవాళ్ళెవరో. "డాక్టరేడి? దవాఖానా పెట్టుకొని డాక్టరు లేకుంటే ఇది దవాఖానా, పశువుల కొట్టమా?" అని ఒకడు. "సూదులు లెవ్వంట, సీసాలు లెవ్వంట. తాళమేసుకొని పోరాదున్రి!" అని ఇంకొకడు. కిటికీ అద్దం ఒకటి పగిలింది. పెద్దకొడుకు వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

"మా అమ్మకేమన్నా అయితే నిన్ను ఈడనే బొంద బెడత! ఏమైందో జెప్పు! ఏం వెట్టిన్రు మాకు?"

చెక్‌పోస్టు పక్కనున్న పోలీసు అవుట్‌పోస్టు హెడ్ కానిస్టేబులు అప్పటికి వచ్చి ఉన్నాడు. జనాన్ని ఆపడానికి ఒక్కడు చాలడు. ఏదో ఒకటి అడిగితే వేడి తగ్గుతుందనుకున్నాడేమో, అందరికీ వినపడేలా నన్ను అడిగాడు.

"ఏం సార్, ఆ హోటలామె మందులిస్తదంట గదా? నిజమేనా?"

"ఇస్తది" అన్నాను.

పసరు అనలేదు. కామెర్లకు అనలేదు. తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను, కంగారులో మాట జారిందని. జారలేదు. నా నోట్లోంచి మాట వస్తుండగానే అది అక్కడున్నవాళ్ళ చెవిలో ఏ మందుగా మారుతుందో నాకు తెలుసు. నా మాట విన్న ముఖాలు చూశాను. రెండో మాట చేర్చడానికి క్షణం కాదు, ఒక నిమిషం సమయం ఉంది. కానీ ఆ నిమిషంలో నా కాలరు మీది చెయ్యి వదులైంది. జనం ముఖాలు ఆస్పత్రి వైపు నుంచి రోడ్డు వైపు తిరిగాయి. అప్పుడు నా ఒంట్లోకి వచ్చిన హాయి ఇప్పటికీ గుర్తుంది. అది సిగ్గుమాలిన హాయి.

వాళ్ళు హోటలు మీద పడ్డారు. నేను ముసలమ్మకు సీసా మార్చే పనిలో ఉండిపోయాను. ఆ పని సిస్టరు కూడా చేయగలదు. గిన్నెలు రోడ్డు మీద పడుతున్న చప్పుడు వార్డులోకి వినపడుతూనే ఉంది. అక్కను కొట్టలేదు, కారణం మా అటెండరు. బ్లీచింగ్ డబ్బా చేతిలో పట్టుకొని ఆమె ముందు నిలబడి, "గవర్నమెంటు డ్యూటీల ఉన్న, నన్ను ముట్టుకుంటే జైలే!" అని అరిచాడట. హెడ్ కానిస్టేబులు ఆమెను పందిరి వెనకున్న ఆమె గదిలోకి తోసి తలుపేశాడు. పందిరి మాత్రం మిగలలేదు.

సాయంత్రం అటెండరు చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "నీ నోట్లెకెల్లి ఒక్క ముక్క తక్కువొచ్చింది సార్."

చీటీ అందింది. అయిదు దాటాక డాక్టరు వచ్చాడు. నాడి కుదుటపడ్డాక ముసలమ్మను వాళ్ళ కిరాయి జీపులోనే భద్రాచలం పంపాం, మూడో రోజుకు ఆమె లేచి కూర్చుంది. మిగతావాళ్ళు మర్నాడు పొద్దుటికే గంజి తాగారు.

డాక్టరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. తెల్లారి ఒక కాగితం తీసుకొని జీపు డ్రైవరును కూర్చోబెట్టి అడిగాడు. నేను తరిమేసిన మనిషే. పావుగంటలో సంగతి తేలిపోయింది. తునికాకు కూలీల కోసం అక్క తెల్లవారుజామున అయిదింటికే పెద్ద డేగిసా అన్నం వండింది. లారీ రాలేదు. ఆ అన్నం మధ్యాహ్నం దాకా పొయ్యి పక్కనే, మూతకింద వెచ్చగా ఉండిపోయింది. ఈ కుటుంబం తిన్నది అదే. డ్రైవరు పంచరైన టైరు మార్చుకొని అరగంట ఆలస్యంగా కూర్చున్నాడు, అప్పటికి డేగిసా అడుగున కొంచెమే మిగలడంతో ఆమె అతనికి కొత్తగా వార్చింది. కూర అందరూ ఒక్కటే తిన్నారు.

"ఎండాకాలం అంతసేపు వెచ్చగా ఉన్న అన్నం ఇలాగే చేస్తుంది. తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులు. మందూ లేదు, మాయా లేదు" అన్నాడు. తర్వాత తల పైకెత్తి, "మిగిలిన అన్నం ఉందా?" అని అడిగాడు.

"పారబోయించాను సార్. బ్లీచింగ్ కొట్టించాను."

ఆయన కోప్పడలేదు. పెన్ను మూత పెట్టాడు. "అయితే ఇది నా అంచనాగానే ఉంటుంది. పరీక్షకు పంపి ఉంటే ఒక కాగితం వచ్చేది. ఆమె చేతిలో ఆ కాగితం ఉండేది."

అవును, అన్నం ఆమెదే. ఆ తప్పు ఆమెదే. మే నెలలో ఏ వంటింట్లోనైనా జరిగే తప్పు. అన్నం పారేయడానికి మనసొప్పని మనిషి చేసే తప్పు. ఆమె ఒప్పుకుంది కూడా. "పారబొయ్యాల్సింది సారూ, పానం ఒప్పలే" అని డాక్టరు ముందే చెప్పింది. నా తప్పుకు మాత్రం అలాంటి సాకు లేదు.

డాక్టరు నన్ను అవుట్‌పోస్టుకు పంపాడు, నేనన్న మాటకు అర్థం రాసిచ్చి రమ్మని. రాసిచ్చాను. "సదరు మహిళకు కామెర్ల వ్యాధికి ఆకు పసరు ఇచ్చు అలవాటు కలదు." హెడ్ కానిస్టేబులు చదివి, "గిది నిన్ననే అంటే నీ సొమ్మేం బోయేది సార్?" అన్నాడు. సాక్ష్యం లేదని ఆమె మీద కేసు పెట్టలేదు. నా కాగితం ఏదో ఫైలులోకి వెళ్ళింది. కాగితాలు చదివేవాళ్ళు ఆ కూడలిలో నలుగురు. "ఇస్తది" అన్న మాట విన్నవాళ్ళు ముప్పై మంది. ఆ ముప్పై మందీ సంతకు పోయారు, లారీలెక్కారు, పల్లెలకు పోయారు.

అక్క పందిరి మళ్ళీ వేసుకుంది. వండింది. ఎవరూ రాలేదు. బస్సు దిగినవాళ్ళు కూర్చోబోతే పక్కవాళ్ళు చెయ్యి పట్టి లాగేవాళ్ళు. ఆమె సొంత పల్లెలో కూడా మాట మొదలైందని అటెండరు చెప్పాడు. ఎప్పుడో పోయిన ఒకతని చావుకు కూడా ఆమె పెట్టిన తిండే కారణమని కొత్తగా అనుకుంటున్నారట. ఆ మాట విన్న రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. ఆస్పత్రికి సైకిలు మీద ఎవరు వేగంగా వచ్చినా, ఆమెను ఏదో చేశారన్న వార్తే తెస్తున్నారనిపించేది. అయినా ఆమె ఎదుటికి పోలేదు. మధ్యాహ్నానికి ఇంటి నుంచి అన్నం డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

పది రోజుల తర్వాత ఆమే వచ్చింది. మెట్ల దగ్గరే నిలబడింది.

"సారూ, నిన్ను తిట్టనీకి రాలే. ఒక్కటి అడగనీకి వచ్చిన."

"చెప్పక్కా."

"రేపు సంత. మంది ఉంటరు. పగటీలి నా పందిరికి రా. అందరు సూస్తుండంగ కూసోని నాలుగు బుక్కలు తిను. నువ్వు మందులిచ్చే సారువు. నువ్వు తింటే తింటరు. నాకు గంతే సాలు."

"వస్తాను" అన్నాను. ఆమె వెళ్ళాక సిస్టరు, "వెళ్ళండి. మీరు ఆమెకు చేయగలిగింది ఇదొక్కటే" అంది.

మర్నాడు పన్నెండున్నరకు వెళ్ళాను. అక్క ముందే బల్ల రోడ్డు వైపు జరిపింది. నలుగురికీ కనపడాలని. సంత మనుషులు మూటలతో ఆగి చూస్తున్నారు. లారీ కూలీలు నలుగురు చెట్టు కింద నుంచి లేచి దగ్గరకు వచ్చారు. అటెండరు నాకు ఎదురుగా కూర్చొని, "నాకు గుడ పెట్టక్కా, సారుతో పోటీ" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుకు గాలి కాస్త తేలికపడింది. అక్క అప్పుడే వార్చిన అన్నం విస్తట్లో పెట్టింది, పప్పు పోసింది. ఆవిరి వస్తోంది. ఆమె పక్కనే నిలబడింది, గరిటె రెండు చేతులతో పట్టుకొని.

కలిపాను. ముద్ద చేశాను. ఎత్తాను.

నోటి దాకా పోవాల్సిన ముద్ద ముక్కు దగ్గర ఆగింది. వాసన చూశాను.

కావాలని చేయలేదు. ఆ పది రోజుల్లో ఇంట్లో పెట్టిన అన్నం కూడా అలాగే వాసన చూసి తింటున్నాను. అలవాటుగా మారింది, నాకే తెలియకుండా. ఒక్క క్షణం. తర్వాత తిన్నాను, విస్తరిలో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను, మారు అడిగి మరీ తిన్నాను. కానీ ఆ క్షణాన్ని అందరూ చూశారు. "సూసినవా? సారే వాసన సూస్తుండు" అని వెనక ఎవరో నెమ్మదిగా అన్నారు. లారీ కూలీలు మళ్ళీ చెట్టు కిందికి పోయారు. సంత మనుషులు మూటలెత్తుకున్నారు. అటెండరు తల వంచుకొని తింటూనే ఉన్నాడు.

అక్క నా విస్తరి తీస్తూ, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"వాసన సూసినవ్ గద సారూ. ఏమొచ్చింది?"

"ఏం రాలేదక్కా."

"గదే జర గట్టిగ జెప్పు. అందరికి ఇనపడేటట్టు."

రోడ్డు వైపు చూశాను. ఇంకా పది పన్నెండు మంది ఉన్నారు. గట్టిగా చెప్తే తప్పు చేసి సంజాయిషీ ఇస్తున్నట్టు ఉంటుందనిపించింది. ఆ రోజు నేనన్న మాట గురించి ఎవరైనా ఎదురు అడుగుతారనిపించింది. చెయ్యి కడుక్కొని, తలూపి, ఆస్పత్రికి నడిచాను.

నెల తిరక్కముందే ఆమె వెళ్ళిపోయింది. గోదావరి అవతల చెల్లెలి ఇంటికని కొందరు, ఇంకెక్కడికో అని కొందరు. ఆ సంవత్సరం వానలు పడ్డాక కళ్ళు పచ్చబడినవాళ్ళు అలవాటు ప్రకారం కూడలికి వచ్చి, ఖాళీ పొయ్యి చూసి, "అక్క ఏది సారూ?" అని నన్నే అడిగేవాళ్ళు. సమీక్ష సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు. నేను వైరా వైపు బదిలీ అడిగి తెచ్చుకున్నాను. ఆమె కోసం వెతకలేదు. వెతికితే దొరికేదేమో. దొరికితే ఏం చెప్పాలో అప్పట్లో నాకు తెలియదు.

ఇప్పుడు తెలుసు. ఆమె అడిగిందే చెప్పాలి, గట్టిగా. ఆమె ఇచ్చింది కామెర్లకు పసరు. ఎవరి తిండిలోనూ ఏ మందూ కలపలేదు. సంత రోజు ఆమె నాకు పెట్టిన అన్నం వేడిగా ఉంది, బాగుంది. ఏ వాసనా రాలేదు.